చెయ్యి కొలుస్తుంది, ఆయిల్ తోస్తుంది

ఇరవై, పాతిక హార్స్‌పవరు చిన్న ట్రాక్టరు బేరంలో పవర్ స్టీరింగు సంగతి వచ్చేసరికి ఒక మాట తరచూ వినపడుతుంది: "ఇంత బుల్లి బండికి అదెందుకు? యాభై హార్స్‌పవరు బళ్లకైతే కావాలి గానీ." పైకి సబబుగానే ఉంటుంది. బరువైన బండిని తిప్పడం కష్టం, తేలికైన బండిని తిప్పడం సులువు, కాబట్టి ఇంజను సాయం పెద్దవాటికే కావాలని లెక్క. అయితే ఈ లెక్కలోంచి రెండు అంకెలు జారిపోయాయి. స్టీరింగుకు బండి మొత్తం బరువుతో పెద్దగా పనిలేదు, అందులో ముందు చక్రాల మీద ఎంత పడుతోందన్నదే దానికి ముఖ్యం. అలాగే ఒక మలుపుకు ఎంత బలం కావాలో చూసి ఊరుకుంటే చాలదు, ఎకరానికి ఎన్ని మలుపులు తిరగాలో కూడా చూడాలి. ఈ రెండూ కలిపితే పవర్ స్టీరింగు అవసరం చిన్న ట్రాక్టరుకే ఎక్కువని తేలుతుంది. దాన్ని డ్రైవరు సుఖం కోసం పెట్టిన హంగుగా చూడటం వల్ల ఈ సంగతి మరుగున పడింది. లోపల ఏం జరుగుతోందో విప్పి చూస్తే సుఖం దానికి కొసరు మాత్రమేనని అర్థమవుతుంది.

మలుపుల లెక్కతో మొదలుపెడదాం. ఎకరం సుమారు 4,047 చదరపు మీటర్లు. చదరంగా ఉన్న చేనైతే ఒక్కో వైపు 63 మీటర్ల చిల్లర వస్తుంది. పెద్ద ట్రాక్టరు వెనక ఆరడుగుల రోటావేటరు కడితే 35 సాళ్లలో ఎకరం అయిపోతుంది. చిన్న ట్రాక్టరుకు నాలుగడుగులది కడితే 52 సాళ్లు కావాలి. ప్రతి సాలు చివరా ఒక మలుపు, ప్రతి మలుపులోనూ స్టీరింగును చివరిదాకా తిప్పి మళ్లీ నేరుగా తెచ్చి నిలపడం తప్పదు. అదే చేను, అదే దుక్కి, చేతులకు మాత్రం ఒకటిన్నర రెట్ల పని. పైగా చిన్న ట్రాక్టరు కొనేదే పెద్దది పట్టని చోట్ల కోసం. కోనసీమ కొబ్బరి తోటల్లో చెట్ల మధ్య, మామిడి బత్తాయి తోటల్లో కొమ్మల కింద, పత్తి మిరప సాళ్ల నడుమ, చిన్న చిన్న వరి మడుల్లో అది తిరగాలి. సాలు పొట్టిదయ్యే కొద్దీ ఎకరానికి పడే మలుపులు పెరుగుతాయి. పై ఎకరాన్నే ఇరవై సెంట్ల చొప్పున ఐదు మడులుగా విడగొడితే నాలుగడుగుల రోటావేటరుకు మలుపులు వంద దాటుతాయి.

ఇక బరువు. మన ఊళ్లలో ఏళ్ల తరబడి నడిచిన టూ వీల్ డ్రైవు ట్రాక్టరు ముందు టైర్లు సన్నగా, చుట్టూ గాళ్లతో ఉంటాయి. దారి పట్టడమే వాటి పని, లాగేదంతా వెనక చక్రాలు. కాంపాక్ట్ ట్రాక్టర్లుగా అమ్ముడవుతున్న బళ్లలో చాలావాటికి ముందు చక్రాలు కూడా లాగుతాయి. అందుకోసం ముందు ఇరుసులోనూ గేర్లు పెడతారు, టైర్లు వెడల్పు చేస్తారు, మట్టిని పట్టుకునే పళ్లు వేస్తారు. బండి బరువులో సుమారు నలభై శాతం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ముందు వైపే ఉంటుంది. అలాంటి టైరును నిలబెట్టిన చోటే తిప్పితే నేలకు ఆనిన భాగమంతా నేలను రాసుకుంటూ మెలి తిరగాలి. బండి కదులుతుంటే టైరు దొర్లుతూ తిరుగుతుంది కాబట్టి రాపిడి తగ్గుతుంది. కానీ గట్టు దగ్గర మలుపంటే నత్తనడకే. దమ్ము మడిలో చక్రం జానెడు దిగబడి ఉంటే పక్కనున్న బురదను కూడా నెట్టుకుంటూ తిరగాలి. ముందు లోడరు బిగించి ఎరువు ఎత్తితే ఆ బరువు పూర్తిగా ముందు ఇరుసు మీద పడటమే కాక, వెనక బరువులో కొంత కూడా ముందుకు వాలుతుంది.

మెకానికల్ స్టీరింగు ఈ కష్టాన్ని గేర్లతో తగ్గిస్తుంది. స్టీరింగు రాడ్డు కింది చివర మరలు, ఆ మరల మీద పైకీ కిందికీ నడిచే నట్టు, రెంటి మధ్య రాపిడి లేకుండా దొర్లే స్టీలు గుళ్లు, ఆ నట్టు కదిపే లివరు, అక్కడి నుంచి రాడ్ల మీదుగా చక్రాల దాకా ఇనుప బంధం. మంచి యంత్రమే, తేలిగ్గా చెడదు కూడా. కానీ గేరు బలాన్ని పుట్టించలేదు, మార్పిడి మాత్రమే చేయగలదు. చేతికి పడే బరువు సగం కావాలంటే చుట్లు రెండింతలు కావాలి. అంటే రోజుకు వందల మలుపులు తిరిగే బండికి గేర్లు పెంచితే చుట్లు తిప్పలేక చస్తాం, తగ్గిస్తే భుజాలు పోతాయి. ఈ రెంటి నడుమ ఎక్కడ గీత గీసినా చేయాల్సిన పని మొత్తం డ్రైవరు ఒంటి మీదే. ఆ పనిలో కొంత వేరే ఎవరైనా చేస్తే తప్ప దారి లేదు. బానెట్ కింద ఇంజను ఎటూ తిరుగుతూనే ఉంది.

ఇంజను చేత తోయించాలన్న ఆలోచన పాతదే. అమెరికాలో పియర్స్-యారో కంపెనీ లారీల విభాగంలో పనిచేసి బయటికొచ్చిన ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజినీరు 1926లో హైడ్రాలిక్ స్టీరింగు బిగించిన కారును నడిపి చూపించాడు. ఆయిల్‌ను ఎప్పుడూ ఒత్తిడిలో బంధించి ఉంచి, అవసరమైనప్పుడు వదిలే పద్ధతిలో ఒక పెద్ద చిక్కుంది. ఎక్కడో ఒక చోట కారుతూనే ఉంటుంది. డేవిస్ దాన్ని తలకిందులు చేశాడు. వాల్వు తెరిచే ఉంటుంది, ఆయిల్ పంపు నుంచి ట్యాంకుకు ఊరికే తిరుగుతుంటుంది, స్టీరింగు తిప్పినప్పుడే దారి ఇరుకై ఒత్తిడి పుడుతుంది. జనరల్ మోటార్స్ దీన్ని చేపట్టి, ఖర్చు ఎక్కువని 1934లో పక్కన పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో బరువైన సైనిక వాహనాలకు అదే పనికొచ్చింది. మామూలు జనం కొనే కారులోకి అది వచ్చింది 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌తో. ఇవాళ చిన్న ట్రాక్టర్ల స్టీరింగులో నడుస్తున్నది ఎక్కువగా ఈ తెరిచి ఉంచే పద్ధతే.

డేవిస్ యంత్రంలో స్టీరింగుకూ చక్రాలకూ మధ్య ఇనుప బంధం అలాగే ఉంది, ఆయిల్ దానికి తోడు నిలిచింది. కొన్ని కాంపాక్ట్ ట్రాక్టర్లలో ఇప్పటికీ ఇదే ఏర్పాటు. ఆ ఇనుప బంధాన్నే తీసేసే దారి చూపినవాడు అమెరికాలోని మినియాపొలిస్‌కు చెందిన లిన్ చార్ల్‌సన్. తన చార్-లిన్ కంపెనీలో 1950లలో ఆయన ఒక చిన్న, బలమైన ఆయిల్ మోటారు తయారుచేశాడు. ఆ మోటారులోని అమరికనే తిరగేసి, 1960 ప్రాంతంలో ఆర్బిట్రోల్ అనే స్టీరింగు యూనిట్ తెచ్చాడు. డెన్మార్క్‌లోని డాన్‌ఫాస్ కంపెనీ లైసెన్సు తీసుకుని ఐరోపాలో తయారీ మొదలుపెట్టింది. చార్-లిన్‌ను 1970లో ఈటన్ కొన్నది, ఈటన్ హైడ్రాలిక్ వ్యాపారం 2021లో డాన్‌ఫాస్ చేతికే వచ్చింది. ఏ కంపెనీ యూనిట్ అయినా మెకానిక్కులు ఆర్బిట్రోల్ అనే పిలుస్తుంటారు.

ఈ రకం స్టీరింగున్న ట్రాక్టరు కింద వంగి చూస్తే స్టీరింగు నుంచి ముందు ఇరుసుకు వెళ్లే రాడ్డు కనపడదు, పైపులే కనపడతాయి. ఇంజనుతో తిరిగే గేరు పంపు ట్యాంకులోంచి ఆయిల్ లాగి, స్టీరింగు కింద బిగించిన యూనిట్‌కు పంపుతుంది. యూనిట్‌కు నాలుగు పైపులు: పంపు నుంచి వచ్చేది ఒకటి, ట్యాంకుకు పోయేది ఒకటి, ముందు ఇరుసు మీదున్న సిలిండరు ఎడమ గదికి ఒకటి, కుడి గదికి ఒకటి. సిలిండరు మధ్యలో పిస్టన్, దాని రెండు వైపులా రాడ్లు, వాటి చివర టై రాడ్లు, ఆపైన చక్రాలు. ఎడమ గదిలోకి ఆయిల్ పోతే పిస్టన్ ఒక వైపుకు జరుగుతుంది, కుడి గదిలోకి పోతే ఇంకో వైపుకు. ఇంతవరకూ ఇది జేసీబీ చెయ్యి ఎత్తే సిలిండరు లాంటిదే. చిక్కు ఎక్కడంటే, జేసీబీ లివరు ఎంతసేపు నొక్కి ఉంచితే అంతసేపూ చెయ్యి కదులుతూనే ఉంటుంది. స్టీరింగు అలా ఉంటే బండి నడపలేం. పావు చుట్టు తిప్పితే చక్రం దానికి తగినంతే తిరిగి ఆగాలి. ఈ లెక్కను నిలబెట్టడమే యూనిట్ అసలు పని.

యూనిట్ విప్పితే ఒకదానిలో ఒకటి దూరిన రెండు స్టీలు గొట్టాలు వస్తాయి. లోపలిది స్పూలు, బయటిది స్లీవు. రెంటి మీదా చిన్న చిన్న గాళ్లు, రంధ్రాలు. స్పూలు స్టీరింగు రాడ్డుకు కలిసి ఉంటుంది. సన్నటి రేకు స్ప్రింగులు రెంటినీ ఒక్క తీరున నిలిపి ఉంచుతాయి. చెయ్యి కదలనప్పుడు రంధ్రాలు ఎదురెదురుగా ఉండి, పంపు ఆయిల్ నేరుగా ట్యాంకుకు పోతుంది. సిలిండరుకు వెళ్లే రెండు దారులూ మూసి ఉంటాయి, అందుకే చక్రాలు ఉన్నచోటే బిగిసి ఉంటాయి. స్టీరింగు తిప్పగానే స్పూలు స్ప్రింగులను వంచి కొద్ది డిగ్రీలు ముందుకు పోతుంది, స్లీవు వెనకబడుతుంది. ఆ తేడాతో ట్యాంకు దారి ఇరుకై, సిలిండరు దారి తెరుచుకుంటుంది. కానీ ఆయిల్ సిలిండరుకు చేరేలోపు ఒక కొలత గుండా పోవాలి. ఏడు గుంటలున్న రింగులో ఆరు పళ్లున్న రోటరు పొర్లుతూ తిరుగుతుంది. పళ్లకూ గుంటలకూ మధ్య పుట్టే చిన్న గదులు నిండుతూ, ఖాళీ అవుతూ ఉంటాయి. రోటరు ఒక్క చుట్టు తిరిగేలోపు ఇలా నలభై రెండు గదుల ఆయిల్ దాటుతుంది, ఎక్కువా కాదు తక్కువా కాదు. పాలు పోసే మనిషి బిందెలో ఎన్ని పాలున్నా గిన్నెతో కొలిచే పోసినట్టు, పంపు ఎంత తోసినా రోటరు కొలిచిందే సిలిండరుకు పోతుంది. ఆ రోటరు తిరుగుడు ఒక చిన్న షాఫ్టు ద్వారా స్లీవుకు అందుతుంది. స్లీవు స్పూలును తరుముకుంటూ వస్తుంది. చెయ్యి ఆగిన క్షణాన స్లీవు వచ్చి కలుసుకుంటుంది, రంధ్రాలు మళ్లీ ఎదురెదురుగా నిలుస్తాయి, దారి మూసుకుంటుంది.

అంటే డ్రైవరు చక్రాలను తిప్పడం లేదు. ఎంత ఆయిల్ కావాలో కొలుస్తున్నాడు. తోసేది పంపు, పంపును తిప్పేది ఇంజను. ఈ పని పంపకం ఎంత దూరం వెళ్తుందో ఒక లెక్క వేసి చూద్దాం. సిలిండరు లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు, రాడ్డు 25 మిల్లీమీటర్లు అనుకుందాం. రాడ్డు పోగా ఆయిల్ తోసే వైశాల్యం 14.7 చదరపు సెంటీమీటర్లు. ఒత్తిడి 100 బార్‌కు చేరితే ప్రతి చదరపు సెంటీమీటరు మీదా దాదాపు వంద కిలోల బలం, మొత్తం మీద ఒకటిన్నర టన్ను. చేతికి ఎదురయ్యేది మాత్రం ఆ రేకు స్ప్రింగుల బిగువే, స్టీరింగు అంచు దగ్గర కిలో అటూఇటూ. పిస్టన్ ఈ చివరి నుంచి ఆ చివరికి 20 సెంటీమీటర్లు జరగాలంటే 295 సీసీల ఆయిల్ కావాలి. యూనిట్ చుట్టుకు 80 సీసీలు కొలిచేదైతే స్టీరింగు మూడున్నర చుట్లు దాటి తిప్పాలి. సీసీలు ఎక్కువున్న యూనిట్ పెడితే చుట్లు తగ్గుతాయి. చేతికి బరువు మాత్రం పెరగదు. మెకానికల్ స్టీరింగును ఇరుకున పెట్టిన బలం, చుట్ల బేరం ఇక్కడ లేదు. మలుపులు ఎక్కువున్న బండికి దీని విలువ అక్కడుంది.

ఇదే లెక్క ఇంకో ఫిర్యాదును కూడా విడమరుస్తుంది. ఇంజను స్లోలో ఉన్నప్పుడు గబగబా తిప్పితే స్టీరింగు బిగుసుకుపోతోందని కొందరు అంటుంటారు. సెకనుకు ఒకటిన్నర చుట్లు తిప్పితే 80 సీసీల యూనిట్‌కు నిమిషానికి 7.2 లీటర్లు కావాలి. చుట్టుకు 10 సీసీలు తోసే పంపు 2,000 ఆర్‌పీఎంలో 20 లీటర్లిస్తుంది, 750లో ఏడున్నరే. కొత్త పంపైతే సరిగ్గా సరిపోతుంది, అరిగిన పంపైతే చాలదు. చెయ్యి అడిగినంత ఆయిల్ పంపు ఇవ్వలేనప్పుడు మిగతాది చేతితోనే తోయాల్సి వస్తుంది. అందువల్ల స్లోలో బిగుసుకుని, రేస్ ఇవ్వగానే తేలికయ్యే స్టీరింగు ముందుగా పంపును అనుమానించమని చెబుతోంది. లోడరుకూ స్టీరింగుకూ ఒకే పంపున్న ట్రాక్టర్లలో ఈ కొరత రాకుండా ఒక ప్రయారిటీ వాల్వు ఉంటుంది. స్టీరింగు వాటా తీశాకే మిగతాది లోడరుకు వదులుతుంది.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది: ఇంజను ఆగిపోతే గతేమిటి? ఇనుప బంధం లేని బండి ఘాట్‌లో దిగుతూ ఆగితే చక్రాలు ఎవరి మాట వింటాయి? ఈ భయం సమంజసమే, యూనిట్ చేసినవాళ్లు కూడా దీనికి జవాబు పెట్టే చేశారు. ఇంజను ఆగితే స్టీరింగు తిప్పినప్పుడు స్పూలు కొద్ది డిగ్రీలు పోయి, స్లీవునూ షాఫ్టునూ కలిపి ఉంచే పిన్నుకు తగులుతుంది, దాంతో రోటరు నేరుగా చేతితో తిరుగుతుంది. కొలత పాత్రగా ఉన్నదే చేతిపంపుగా మారి, సిలిండరు ఒక గది నుంచి వెనక్కి వచ్చిన ఆయిల్‌ను ఒక చిన్న వాల్వు గుండా లాగి రెండో గదికి తోస్తుంది. బండి తిరుగుతుంది. అయితే ఎంత బలంతో? 20 సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న స్టీరింగు అంచును 30 కిలోల బలంతో లాగినా, రాపిడి లేదనుకుంటేనే సుమారు 46 బార్ పుడుతుంది. ఇంజనుతో వచ్చే 100 బార్‌లో సగం కన్నా తక్కువ. బండి కదులుతుంటే రోడ్డు పక్కకు తేవడానికి అది చాలు, దమ్ము మడిలో పని సాగించడానికి చాలదు. కాబట్టి ఇంజను ఆపి పల్లంలో బండి వదిలే అలవాటు ఈ ట్రాక్టర్లకు అసలు పనికిరాదు. వెనక లోడు ట్రక్కు ఉంటే మరీనూ.

రెండోది డీజిల్. పంపు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది గదా, అది తాగే డీజిల్ ఎవరిస్తారు? నిమిషానికి 20 లీటర్ల ఆయిల్ 10 బార్ ఒత్తిడితో ఊరికే తిరగడానికి మూడో వంతు కిలోవాట్, అంటే అర హార్స్‌పవరు లోపు ఖర్చవుతుంది. పాతిక హార్స్‌పవరు ఇంజనులో రెండు శాతం. 100 బార్‌తో మలుపు తిరుగుతున్నప్పుడు నాలుగున్నర హార్స్‌పవరు దాకా లాగుతుంది, కానీ అది క్షణాల మాట. పైగా ఆ క్షణాల్లో రోటావేటరు పైకెత్తి ఉంటుంది, ఇంజను దాదాపు ఖాళీగా ఉంటుంది. సాలులో లాగే బలంలోంచి స్టీరింగు దొంగిలించేది చాలా తక్కువ. నిజంగా వృథా అయ్యేది ఒక్క చోట: చక్రాలు చివరిదాకా తిరిగిపోయాక కూడా స్టీరింగును అటే గుంజి పట్టుకున్నప్పుడు. అప్పుడు రిలీఫ్ వాల్వు కీచుమంటూ తెరుచుకుంటుంది, పంపు తోసే శక్తంతా 3 కిలోవాట్ల పైచిలుకు వేడిగా మారి ఆయిల్‌ను మరిగిస్తుంది. ఆ కూత వినపడగానే పట్టు వదలడం డ్రైవరు చేతిలో పని.

మూడో అభ్యంతరం ఏళ్ల తరబడి నడిపినవాళ్ల నుంచి వస్తుంది: ఒక పక్క బ్రేకు తొక్కితే బండి అక్కడికక్కడే తిరుగుతుంది గదా, స్టీరింగు మీద ఇంత ఖర్చెందుకు? బ్రేకు మలుపు పనికొచ్చేదే. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇచ్చే ట్రాక్టరు పరీక్షా నివేదికల్లో కూడా మలుపు వ్యాసాన్ని బ్రేకుతో ఒకటి, బ్రేకు లేకుండా ఒకటి విడివిడిగా రాస్తారు. కానీ ఆగిన వెనక చక్రం ఉన్నచోటే మట్టిని గుంటగా తవ్వుతుంది. తోటలో అయితే వేళ్లు తెగుతాయి, మడిలో అయితే గట్టు విరుగుతుంది, మలుపుకొకసారి బ్రేకు లైనింగు అరుగుతుంది. ముందు చక్రాలు కూడా లాగే బండిలో వాటిని ముందు సరైన వైపుకు తిప్పకపోతే బ్రేకు తొక్కినా అవి నేరుగానే లాగుతుంటాయి. బ్రేకు స్టీరింగుకు తోడే తప్ప బదులు కాలేదు.

నాలుగోది, నేల చేతికి తెలియదని. ఇది నిజం. సిలిండరు దారులు మూసి ఉండటం వల్ల ముందు చక్రం రాయికి కొట్టుకున్నా ఆ దెబ్బ స్టీరింగు దాకా రాదు. అయితే ఈ లోటు వెనక ఒక రక్షణ ఉంది. మెకానికల్ స్టీరింగులో అదే రాయి స్టీరింగును గిర్రున తిప్పుతుంది. బొటనవేళ్లు స్టీరింగు కమ్ముల లోపల పెట్టొద్దన్న పాత జాగ్రత్త దానికోసమే. ఇక్కడ దెబ్బ ఆయిల్‌లోనే ఆగుతుంది. మరీ పెద్ద దెబ్బయితే షాక్ వాల్వు తెరుచుకుని ఒత్తిడి వదిలేస్తుంది. ఇంకో చిన్న తేడా కూడా ఉంది. లోపల కొద్దికొద్దిగా ఆయిల్ జారడం వల్ల చక్రాలు నేరుగా ఉన్నా స్టీరింగు కమ్మి రోజుకో చోట నిలుస్తుంది. అది లోపం కాదు. చేతులు కదపకుండా ఉన్నా బండి సాలు తప్పి పక్కకు పోతుంటే మాత్రం సిలిండరు సీళ్లు చూపించాలి.

అన్నిటికన్నా నిలబడే అభ్యంతరం మరమ్మతు గురించినది. మెకానికల్ బాక్సును ఊళ్లో మెకానిక్కు రెంచీలతో విప్పి బిగించగలడు. స్పూలుకూ స్లీవుకూ మధ్య సందు వెంట్రుక మందం కన్నా ఎన్నో రెట్లు తక్కువ. దాంట్లో ఇసుక రేణువు దూరితే గీతలు పడతాయి, ఆయిల్ జారుతుంది, స్టీరింగు పట్టు వదులుతుంది. అంతకన్నా ప్రమాదం విప్పి బిగించేటప్పుడు ఉంది. రోటరు పళ్లనూ షాఫ్టు పిన్ను గాడినీ ఒక వరసలో కలపాలి. ఒక్క పన్ను తప్పినా వాల్వు తప్పు సమయంలో తెరుచుకుంటుంది, ఇంజను స్టార్టు చేయగానే స్టీరింగు తనంతట తానే తిరగడం మొదలుపెడుతుంది. అందువల్ల ఈ యూనిట్‌ను చెట్టు కింద గోనెపట్టా మీద విప్పకూడదు. అయితే విప్పాల్సిన రోజు రాకుండా చూసుకోవడం రైతు చేతిలోనే ఉంది. ఫిల్టరు వేళకు మార్చడం, ఆయిల్ పోసేముందు మూత చుట్టూ దుమ్ము తుడవడం, హోసు పైపు కీలు దగ్గర తడికి ఎర్రమట్టి అంటుకుని ముద్ద కట్టిందంటే అక్కడ కారుతోందని గుర్తించడం. ఆయిల్ తెల్లగా మజ్జిగలా మారితే నీళ్లు కలిశాయి, నురగ వస్తే పంపు ఎక్కడో గాలి పీలుస్తోంది. కారుతున్న చోటును వేలితో వెతకడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. అంత ఒత్తిడిలో సూదిమొన రంధ్రం గుండా వచ్చే ఆయిల్ చర్మం లోపలికి దూరిపోతుంది, వెంటనే ఆస్పత్రికి పోకపోతే వేలు తీసేయాల్సి రావచ్చు. నేర్చుకునే మెకానిక్కులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ ఉంది. మరమ్మతు కష్టమన్న మాటకు జవాబు నేర్చినవాళ్లను పెంచుకోవడమే, యంత్రాన్ని వద్దనుకోవడం కాదు.

పవర్ స్టీరింగు మీద మోపాల్సిన నిజమైన తప్పు ఇంకొకటుంది. అది అరుగుదలను దాచిపెడుతుంది. కింగ్ పిన్ బుష్‌లు అరిగినా, టై రాడ్ బాల్ జాయింట్లు వదులైనా మెకానికల్ స్టీరింగులో చేతికి ముందే తెలుస్తుంది. ఇక్కడ ఒకటిన్నర టన్ను బలం అన్నిటినీ తోసేసి తిప్పేస్తుంది. బండి ఆపి నిలబెట్టిన చోటే స్టీరింగు తిప్పడం కూడా సులువైపోతుంది, ఆ సులువు ఖరీదు టైర్లూ జాయింట్లూ కడతాయి. బండి కొద్దిగా కదిలాక తిప్పడం, వారానికొకసారి ముందు చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో ఊపి చూడటం దీనికి మందు.

చెయ్యి చేసేది కొలత మాత్రమేనన్న సంగతి వల్ల ఇంకో తలుపు కూడా తెరుచుకుంది. కొలవడానికి కిలో బలం చాలినప్పుడు ఆ పని చిన్న విద్యుత్ మోటారు కూడా చేయగలదు. ఉపగ్రహాల సంకేతాలతో ట్రాక్టరును నేరుగా సాలు పట్టించే పరికరాల్లో ఒక రకం స్టీరింగు రాడ్డు మీద మోటారు బిగించే పనిచేస్తుంది, ఇంకో రకం సిలిండరుకు మరో వాల్వు కలుపుతుంది. రెంటికీ పునాది ఈ ఆయిల్ స్టీరింగే.

కాబట్టి అమ్మేవాణ్ని ఉందా లేదా అని అడిగి ఊరుకోకూడదు. స్టీరింగుకు వేరే పంపుందా, లోడరుతో పంచుకునేదా, పంచుకునేదైతే స్టీరింగుకు ముందు వాటా ఉందా? ఈ చివరి నుంచి ఆ చివరికి ఎన్ని చుట్లు? ఇంజను స్లోలో పెట్టి, బండి నిలబెట్టి తిప్పితే బిగుస్తోందా? ఇంజను ఆపి ఒకసారి తిప్పి చూస్తే ఎంత బలం కావాలో చేతికే తెలుస్తుంది. విశాలమైన మెట్ట చేలల్లో దుక్కికీ, ట్రక్కు తోలడానికీ సన్న టైర్ల టూ వీల్ డ్రైవు బండి కొనేవారికి మెకానికల్ స్టీరింగుతో లోటు ఉండదు. మిగిలిన డబ్బు మంచి టైర్లకు పెట్టుకోవచ్చు. తోటకో, దమ్ముకో, ముందు లోడరు పనికో ఫోర్ వీల్ డ్రైవు చిన్న ట్రాక్టరు కొనేవారు మాత్రం వేరే ఏ హంగు తగ్గించుకున్నా ఫరవాలేదు గానీ దీన్ని తగ్గించుకోకూడదు. బండి చిన్నదయ్యే కొద్దీ మలుపులు పెరుగుతాయి, ఆ మలుపుల కూలి ఇంజను చేత ఇప్పించడమే చవక.